మొదటి పేరు

డెట్రాయిట్ విమానాశ్రయం బయట మంచు కురుస్తోంది. తన పెట్టె అందుకుని డిక్కీలో పెడుతున్న దామోదర్‌ని శశికళ తెలుగులో పలకరించింది.

"పేరు చూసి మీరు తెలుగువారే అనుకున్నానండీ. ప్రాణం లేచొచ్చింది."

"వెల్‌కమ్ టు మిషిగన్, డాక్టర్ శశికళ," అన్నాడు దామోదర్.

అతని భయం అతనిది. యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధన చేసే విభాగంలో ప్రొఫెసర్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. దానికి ఇంటర్వ్యూకొచ్చింది శశికళ. కమిటీలో తెలుగువాడు తనొక్కడే. రేపెవరైనా మనవాళ్ళని వెనకేసుకొచ్చాడంటే తల ఎక్కడ పెట్టుకోవాలి?

కారులో ఆమే మళ్ళీ కదిపింది.

"మా గ్రాంట్ మే నెలతో అయిపోతుందండీ. ఈ జాబ్ రాకపోతే ల్యాబ్ మూసెయ్యాలి."

దామోదర్ వైపర్ల వేగం పెంచాడు.

"సైటేషన్ ఇండెక్స్‌లో నా పేరు కింద ఏమీ కనపడదు. మా ల్యాబ్‌లో పేషెంట్ పక్కన కూర్చుని టెస్ట్ చేసిన స్టూడెంట్ పేరే ముందు వేస్తాం. నేను చెప్పుకుంటే సాకులా ఉంటుంది. కమిటీలో మీరొక్క మాట చెబితే..."

"సారీ. దట్ వుడ్ నాట్ బి ప్రాపర్."



మర్నాడు కింద హాల్లో ఆమె ఉపన్యసిస్తుంటే, దామోదర్ పై అంతస్తు లైబ్రరీలో సైటేషన్ ఇండెక్స్ ముందేసుకుని భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. ఎవరి పేపర్‌ని ఎంతమంది తమ పేపర్లలో ఉదహరించారో చెప్పే లావుపాటి సంపుటాలవి. వాటిలో ప్రతి పేపరూ మొదటి పేరు కిందే ఉంటుంది. రెండో పేరు వాళ్ళు పుట్టనట్టే లెక్క. ఆ సంగతి దామోదర్‌కి బాగా తెలుసు.

కమిటీలో ఛైర్మన్ అడిగాడు.

"లెక్క తేలిందా?"

"పదకొండు."

"అంతేనా? మన కుర్రాళ్ళకే అంతకన్నా ఎక్కువుంటాయే. ఉపన్యాసం మాత్రం బాగా ఇచ్చింది. ఆమె గురించి నీకేమైనా తెలుసా దామోదర్? మీవాళ్ళేగా."

ఆ 'మీవాళ్ళే' దగ్గర దామోదర్ బిగుసుకుపోయాడు.

"నాకేమీ తెలియదు," అన్నాడు.

ఆమె పంపిన పేపర్ల జాబితా బల్ల మీదే ఉంది. చేతిలో అంకె ఉండగా దాన్ని తిరగేసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

"మనకి కావలసింది హాల్వర్సన్‌లాంటి మనిషి," అని నిట్టూర్చాడు ఛైర్మన్. అందరూ తలలూపారు.

ఎందుకు ఊపరు? మెదడు దెబ్బతిన్నవాళ్ళు మొహాలు ఎందుకు గుర్తుపట్టలేరో చెప్పిన హాల్వర్సన్ పేపర్‌ని ఉదహరించనివాడు ఆ గదిలో లేడు. దామోదర్ రాసే ప్రతి పేపరూ 'హాల్వర్సన్ తదితరులు చూపినట్టు' అనే మొదలవుతుంది. ఆ వాక్యం పుణ్యమా అని అతనికి గ్రాంట్లు, ప్రమోషన్, ఇల్లు అన్నీ అమిరాయి.

రెండేళ్ళ తరవాత వాళ్ళ విభాగం ఒక సదస్సు తలపెట్టింది. మిన్నెసోటాలో చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న హాల్వర్సన్‌ని వెతికి పట్టుకుని దామోదర్ ఫోన్ చేశాడు.

"ముఖ్య ఉపన్యాసం మీరే ఇవ్వాలి."

హాల్వర్సన్ నవ్వాడు.

"నేనప్పుడు స్టూడెంట్‌ని. పేషెంట్ల పక్కన కూర్చుని ఫోటోలు చూపించాను, అంతే. అలా కూర్చున్నవాడి పేరు ముందు వెయ్యటం మా ల్యాబ్ ఆచారం. ఆలోచన, రాత అన్నీ మా ప్రొఫెసర్‌వి. ఆమెని పిలవండి."

"ఎవరామె?"

హాల్వర్సన్ నవ్వు ఆగిపోయింది.

"మీరు ఆ పేపర్ చదివారు కదా?"

దామోదర్ చదవలేదు. చదువుకునే రోజుల్లో తన గైడ్ పేపర్లోంచి ఆ పంక్తి ఎత్తి రాసుకున్నాడు. ఆ గైడూ ఇంకెవరి దగ్గరో ఎత్తి రాసుకునే ఉంటాడు.

"పోనీలెండి, పిలిచినా రాదు," అన్నాడు హాల్వర్సన్. "మీ మిషిగన్‌లోనే ఏదో ఉద్యోగం చేతిదాకా వచ్చి పోయిందట. ల్యాబ్ మూసేసి షాంటిలీ అనే ఊళ్ళో ఇన్సూరెన్స్ కంపెనీలో చేరింది. పరిశోధన ఊసెత్తితే ఫోన్ పెట్టేస్తోంది."

దామోదర్ ఆమె పేరు మళ్ళీ అడగలేదు.

తన ప్రతి పేపరూ మొదలయ్యే ఆ వాక్యంలో, హాల్వర్సన్ వెనక 'తదితరులు'గా ఇన్నేళ్ళూ నిలబడి ఉన్నది శశికళ.