ఎర్రని చెంబు

"చెంబంటే ఎర్రనిదని నిన్న నువ్వే కదుటే చెప్పావు?" అంటూ మా అత్త, నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెంబు తెచ్చి నా ముందు పెట్టింది.

చెప్పాను, నిజమే. నోరూరుకోదు కదా నాకు! చెందామరలో ఉన్న ఎరుపే చెంబులోనూ ఉందని, రాగితో చేస్తారు కాబట్టే దానికి ఆ పేరని, రాగిపని చేసే మా నాన్న చెప్పిన మాట కాపురానికొచ్చిన రెండో రోజే గొప్పగా వల్లించాను.

"మరి నిన్న లోపలంతా తెల్లగా ఉండిందేం? అందుకే మీ నాన్న పూసిన కళాయంతా ఇటుకపొడితో తోమి వదలగొట్టాను. ఇప్పుడిది అసలైన చెంబు. తాగు."

రాత్రంతా అందులోనే నిలవుంచిన పుల్ల మజ్జిగ. పైన పచ్చగా తెట్టు కట్టింది.

"కళాయి లేని రాగిలో పులుపు పోస్తే విషమవుతుంది అత్తయ్యా."

"మాటలకి అర్థాలు చెప్పే నోటికి మజ్జిగ దిగదా?"

అంతలో మా ఆయన లోపలికొచ్చాడు. ఆ వీధిలో గిన్నెలన్నిటికీ కళాయి పూసేది ఆయనే. నాకు ప్రాణం లేచొచ్చి, చెంబు ఆయన చేతికిచ్చాను.

వంచి లోపలి ఎరుపు చూశాడు. వాసన చూశాడు. మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు.

"నాకు గ్లాసులో పొయ్యమ్మా" అని, నా వైపు తిరిగి, "కానివ్వు, అమ్మ ఎంతసేపు నిలబడుతుంది?" అన్నాడు.