ఎలా ఉందమ్మా?

లాల్‌గడి లైను మళ్ళీ ఆగిపోయింది.

షామీర్‌పేట ఆఫీసులో విశ్వతేజ తల పట్టుకున్నాడు. కేబుల్ ఇంటర్నెట్ కంపెనీలో ఇంజనీరని పేరే గానీ, తిట్లు తినడమే అసలు ఉద్యోగం. లాల్‌గడి మలక్‌పేట్‌లో కొత్తగా లేచిన ఇళ్ళన్నిటికీ నెట్ పంచే స్విచ్ ఒక రేకుల షెడ్డులో ఉంది. మే నెల. ఆ రేకుల కింద మనిషే నిలవలేడు, పాపం యంత్రం మాత్రం ఏం చేస్తుంది? మధ్యాహ్నానికి వేడెక్కి ఆగిపోతుంది. పొద్దు వాలాక తనంతట తనే లేస్తుంది.

"ఈసారి అది కాలిపోతే నీ ఉద్యోగం కూడా అంతే," అని మేనేజర్ హేమచంద్ తెగేసి చెప్పాడు.

యాప్రాల్‌లో అద్దె ఇల్లు. నాన్న పోయినప్పటి నుంచీ నోరు విప్పని అమ్మ. ఉద్యోగం పోయిందని ఆమెకు చెప్పడం విశ్వతేజ వల్ల కాదు.

ఆ షెడ్డు మల్లేశానిది. పొలం అమ్మి ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. పక్కనే కొత్త ఇల్లు లేస్తోంది, అంతవరకూ కాపురం షెడ్డులోనే. అతను ఎప్పుడూ ఊళ్ళ మీదే. భార్య కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో ఉండేది తల్లి పద్మమ్మ, అయిదేళ్ళ కూతురు నయన.

మొన్న వెళ్ళినప్పుడు, చాప మీద నిద్రపోతున్న నయనను దాటుకుని వెళ్ళి విశ్వతేజ స్విచ్ దుమ్ము తుడిచాడు. ఫ్యాను అటు తిప్పాడు. వస్తూ వస్తూ పద్మమ్మకు మరీ మరీ చెప్పాడు.

"ఎండలు ముదిరాయి. జాగ్రత్తగా చూసుకోండమ్మా. ఎలా ఉందో రోజూ ఫోన్ చేసి కనుక్కుంటాను."

"నీ కడుపు సల్లగుండ బిడ్డా," అంది పద్మమ్మ.

ఇంట్లో అంత మాట విని ఎన్నాళ్ళయిందో!

ఇప్పుడు ఫోన్ కలిపాడు.

"ఎలా ఉందమ్మా?"

"మస్తు కాలుతాంది సారూ. పొద్దుగాల జర మంచిగనే ఉండె. ఇప్పుడు సెయ్యి పెడితే సుర్రుమంటాంది."

"మీద ఏమైనా కప్పారా?"

"సెద్దరు గప్పిన."

"అయ్యో, ముందు అది తీసెయ్యండి. గాలి ఆడాలి. ఫ్యాను దగ్గరగా పెట్టండి."

"ఫ్యాను దానికే పెట్టిన. తడిగుడ్డ ఎయ్యాల్నా?"

విశ్వతేజ కుర్చీలోంచి లేచాడు. కిందటేడు బౌరంపేట్‌లో ఎవరో మంచి చేద్దామని స్విచ్ మీద తడి గోనెసంచి కప్పారు. కాసేపటికి అది పొగలు కక్కి మాడిపోయింది.

"వద్దమ్మా, వద్దు! నీళ్ళు తాకనివ్వకండి. ఒక్క చుక్క పడినా ఇక దక్కదు."

"మల్లేశం వచ్చినంక బండి మీద షామీర్‌పేటకు తీస్కరమ్మంటరా మరి?"

వైర్లన్నీ పీకి ఆఫీసుకు తెస్తే లాల్‌గడి మొత్తం తనను ఉతికి ఆరేస్తుంది.

"కదపొద్దు. అక్కడే ఉండనివ్వండి. వేడి తగ్గితే అదే లేస్తుంది."

"గట్లనే సారూ. సదువుకున్నోళ్ళు, మీకు ఎరుకే గద."

మర్నాడు పొద్దున్నే హేమచంద్ అతన్ని మేడ్చల్ పంపాడు. అక్కడ స్తంభం దగ్గర నిలబడి వైర్లు సరిచేస్తున్నా మనసంతా లాల్‌గడిలోనే ఉంది. మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చీ రాగానే కంప్యూటర్ చూశాడు. లాల్‌గడి లైను నడుస్తోంది. అంత ఎండలోనూ ఆగలేదు! నమ్మబుద్ధి కాక ఫోన్ చేశాడు.

"ఎలా ఉందమ్మా? వేడి తగ్గిందా?"



"సల్లబడ్డది సారూ."

అంతే, ఫోన్ పెట్టేసింది.

విశ్వతేజకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఇంటికి ఫోన్ చేసి, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగాడు. ఊ అంది ఆవిడ. ఆ ఒక్క ఊ అతనికి పండగలా అనిపించింది.

సాయంత్రం కొత్త ఎగ్జాస్ట్ ఫ్యాను ఒకటి కొని, స్కూటర్ మీద పెట్టుకుని లాల్‌గడి వెళ్ళాడు. పద్మమ్మకు చేతులెత్తి దండం పెట్టాలనుకున్నాడు. షెడ్డు ముందు కొందరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పలకరిస్తే జరిగి దారి ఇచ్చారు. మల్లేశం లేడు, మగవాళ్ళెవరూ లేరు.

లోపలికి వెళ్ళి స్విచ్ మీద చేయి పెట్టాడు. చురుక్కుమంది; తలుపులు బార్లా తెరిచి ఉండబట్టి కాబోలు, ఇంకా నడుస్తోంది. ఫ్యాను అటువైపు లేనే లేదు, కింద ఖాళీ చాప వైపు తిరిగి ఉంది.

"అదేమిటమ్మా, చల్లబడిందన్నారు కదా?"

గోడకు ఆనుకుని కూర్చున్న పద్మమ్మ మెల్లగా తలెత్తింది.

"మీరు జెప్పినట్టే జేసిన సారూ, మా నయనకు ఒక్క సుక్క నీళ్ళు తాకనియ్యలే."