గురువుగారి చేతి బిగింపు

“నాన్నా, ఆ స్పానర్ కింద పెట్టు,” అంది కూతురు, వాకిట్లో జాకీ మీదున్న కారు ముందు నిలబడి. “ఈసారికి గ్యారేజీలో చేయిస్తానని నిన్ననే చెప్పానా లేదా? అసలే కొండ దారి. పక్కన పాప కూడా ఉంటుంది.”

పెద్దాయన పీట మీంచి తల కూడా ఎత్తలేదు. “నలభై ఏళ్లు ఊళ్లో బండ్లన్నీ ఈ చేతుల మీదుగానే వెళ్లాయి. నా కూతురి బండి మాత్రం ఇంకొకడికి అప్పజెప్పాలా? బ్రేకు ప్యాడ్లు మార్చేశాను. ముందు చక్రాలు ఎక్కించడమే మిగిలింది. పో, పోయి పాపకి జడ వెయ్యి.”

“నీతో వాదించడం నా వల్ల కాదు,” అని ఆమె విసవిసా లోపలికి వెళ్లిపోయింది.

కుడివైపు చక్రం ఎలాగో బిగించాడు. అప్పటికే ఒళ్లంతా చెమట. ఎడమవైపు చక్రం ఎక్కించి, ఐదు నట్లూ వేళ్లతో తిప్పి, స్పానర్ తగిలించాడు. పిడికిలి బిగుసుకోలేదు. ఆరు నెలలుగా కుడిచేతి వేళ్లు ఆయన మాట వినడం లేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. కాఫీ కప్పు ఎడమచేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇదేం చోద్యమని కూతురు అడిగితే, ఈ వయసులో కొత్త స్టైలని నవ్వించాడు.

రెండు చేతులతో లాగాడు. స్పానర్ జారింది. లేచి కాలితో తొక్కబోయాడు. మళ్లీ జారి మోకాలి చిప్పకు తగిలేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. అలాగే కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

“తాతయ్యా, అయిపోయిందా? అత్త ఎదురుచూస్తుంటుంది,” అంటూ మనవరాలు గుమ్మంలోకి వచ్చింది. రెండు జడలు, మెడలో నీళ్ల సీసా. కొండ అవతల మేనత్త ఇంటికి వెళ్లడమంటే దానికి కాళ్లు నేల మీద నిలవవు.

దాని వెనకే కూతురు. “ఏంటి నాన్నా, అంత చెమట? చేతకాకపోతే చెప్పు.”

ఒక్కసారి వచ్చి ఈ స్పానర్ మీద నిలబడవే అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ‘చేతకాకపోతే’ అన్న ముక్క సూదిలా గుచ్చుకుంది. చేతకాదట! ఆయన వంగి, నట్ల మీద మూత పెట్టి అరచేత్తో నొక్కి, జాకీ దించేశాడు.

“అయిపోయింది. బయల్దేరండి.”

అలాగని ఆయన గుండెలు తీసిన బంటు కాదు. ఆయన ధైర్యం వేరే ఉంది. పోయినసారి సర్వీసు చేసిన నాలుగు రోజులకు, కారు అరలో ఒక కాగితం కనబడింది. ‘నాలుగు చక్రాలూ పరీక్షించి, నట్లు బిగించడమైనది’ అని రాసి ఉంది. చేతిరాత చూడగానే పోల్చుకున్నాడు. వీధి చివర గ్యారేజీ పెట్టుకున్న తన శిష్యుడిది. అంటే తను సర్వీసు చేసిన ప్రతిసారీ కూతురు చాటుగా వాడి దగ్గరకు తీసుకెళ్లి మళ్లీ చూపిస్తోందన్నమాట. ఆ రోజు ఆయనకు అన్నం సయించలేదు. తలనొప్పని పడుకున్నాడు.

ఇవాళ అదే కాగితం తలచుకుంటే ప్రాణం లేచొచ్చింది. వాడు చూసుకుంటాడు. నట్టు ఎంత బిగించాలో వాడికి నేర్పింది తనే కదా!

“పెట్రోలు పోయించుకుని అటునుంచి అటే వెళ్తాం నాన్నా. పదకొండుకల్లా చేరి ఫోన్ చేస్తాను,” అంది కూతురు.

పెట్రోలు నిన్ననే నింపుకొచ్చింది. ఆయన నవ్వు ఆపుకున్నాడు. “నిదానంగా వెళ్లమ్మా,” అని గేటు దాకా వచ్చి, కారు వీధి చివర గ్యారేజీలోకి తిరగడం కళ్లారా చూశాకే లోపలికి వెళ్లాడు.

పదకొండైంది. ఫోన్ రాలేదు. పదకొండున్నరకు తనే చేశాడు. అందుబాటులో లేదంది. కొండల్లో సిగ్నల్ ఎక్కడుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. చల్లారిన కాఫీని ఎడమచేత్తో రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేశాడు.

పన్నెండుకు ఫోన్ మోగితే ఎగిరిపడి అందుకున్నాడు. శిష్యుడు!

“గురువుగారూ, చెల్లెమ్మ ఫోన్ కలవట్లేదండీ. పాప నీళ్ల సీసా మా బల్ల మీదే మర్చిపోయింది. అదే చెబుదామని...” అంటూ నాలిక్కరుచుకుని ఆగిపోయాడు.

“దాచకురా. అమ్మాయి నీ దగ్గరకి వస్తోందని నాకు ఎప్పుడో తెలుసు. నాకేం కోపం లేదు,” అన్నాడు పెద్దాయన. ఆ మాట అంటుంటే మనసు తేలికపడింది. ఇంక దాచడం దేనికి? ఈసారి వాడు ఇంటికొచ్చినప్పుడు తన చేతి సంగతి కూడా చెప్పేయాలనుకున్నాడు. “అది సరే గానీ, ఆ ముందు ఎడమ చక్రం గట్టిగా బిగించావుగా?”

అవతల శిష్యుడు హాయిగా నవ్వేశాడు.

“నన్ను పరీక్షిస్తున్నారా గురువుగారూ? మీరు బిగించిన నట్టు మీద స్పానర్ పెట్టేంత మొనగాణ్నా నేను? ఎప్పట్లాగే అద్దాలు తుడిచి, చెల్లెమ్మ తృప్తి కోసం ఆ కాగితం రాసిచ్చి పంపించేశాను.”