ఎడమవైపు వాలు

ఆమె మళ్ళీ వచ్చి వెళ్ళింది.

వంటింటి గుమ్మంలోనే అతనికి తెలిసిపోయింది. ఎస్ప్రెస్సో మెషీన్ ఇంకా వెచ్చగా ఉంది. పక్కనే భార్య చిన్న కప్పు. అడుగున గోధుమరంగు నురగ చార. వీధి తలుపు గడియ మాత్రం లోపల్నుంచి వేసినట్టే ఉంది.

పిప్పి డబ్బాలోకి తొంగిచూశాడు. బిస్కెట్టంత గుండ్రటి కాఫీపొడి బిళ్ళ, ఇంకా తడిగా. మెల్లగా తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. ఎడమవైపు పల్చగా, కుడివైపు మందంగా ఉంది.

అతని గుండె ఝల్లుమంది. భయంతో కాదు.

ఆమెది ఎడమచేతి వాటం. మెషీన్ గిన్నెలో పొడి నింపి ఇనప దిమ్మతో అణిచినప్పుడల్లా ఎడమవైపు దిగిపోయేది. వేడినీళ్ళు ఆ పల్చటి వైపు నుంచే దూసుకుపోయి కాఫీలో ఓ పుల్లటి జీర మిగిలేది.

"సమంగా అణచవే తల్లీ" అని అతను మొత్తుకునేవాడు.

"తాగితే తాగండి. లేకపోతే వెళ్ళి మీ సెలైన్ ఎక్కించుకోండి" అనేది.

అతనిది గాజు గరాటు, కాగితం ఫిల్టర్. చుక్క చుక్కగా దిగే కాఫీ. ఆమె బతికున్నప్పుడు గానీ, పోయాక గానీ అతను ఆ మెషీన్ జోలికి వెళ్ళలేదు.

"ఒరేయ్, తలుపు తియ్యి!"

అక్క. పక్క వీధిలోనే ఉంటుంది. రోజూ పొద్దున్నే వచ్చి చూసిపోతుంది. ఇవాళ మాత్రం మరో పని మీద వచ్చింది.

"మెషీన్ కొనే ఆయన బయల్దేరాడట. ఇచ్చి పంపించేద్దాం. నువ్వింకేం మాట్లాడకు."

"అమ్మను."

"నిన్న ఊ అన్నావు కదరా!"

"అన్నాను. ఇవాళ తను మళ్ళీ వచ్చింది."

అక్క కుర్చీలో కూలబడింది.

"ముందు కాఫీ తాగు" అన్నాడతను. గింజల పొట్లాన్ని పంటితో చింపాడు. చేతిమరను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని తిప్పసాగాడు. అక్క లేవబోయింది.

"కూర్చో. నా కాఫీ నేను చేసుకోలేననుకున్నావా?"

ఫిల్టర్లో పొడి తడిసేంత నీళ్ళు పోసి ఆగాడు. పొడి పొంగి, బుడగలు వచ్చి, అణిగింది. అప్పుడు సన్నటి ధారగా, గుండ్రంగా పోశాడు. ఒక కప్పు తెచ్చి అక్క ముందు పెట్టాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి తనది తెచ్చుకున్నాడు.

"బాగుందిరా నీ సెలైన్" అంది అక్క. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మెషీన్ పోతే తనీ ఇంటికి ఎందుకొస్తుందక్కా? నా కాఫీ కోసమా?"

అక్క కళ్ళు తుడుచుకుంది. "యాక్సిడెంటయ్యాక డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. రోజూ వేసుకుంటున్నావు. ఆ మత్తులో నువ్వే లేచి..."

"నేనా? నేనైతే బిళ్ళ కుడివైపు వాలాలి. నాది కుడిచేతి వాటం. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదానివి, నీకు తెలీదా?"

అక్క ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది.

"తెలుసురా" అంది చివరికి.

అతను అలమర తెరిచాడు. సాసర్లలో ఎండిపోయిన పిప్పి బిళ్ళలు. ఒకదాని పక్కన ఒకటి. అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి.

"ఒక్కటైనా ఇటు వాలిందా? చెప్పు!"

కాలింగ్ బెల్ మోగింది. అక్క వెళ్ళి తలుపు ఓరగా తీసి, "ఒక్క క్షణం ఆగండి బాబూ" అని తిరిగొచ్చింది. ఆమె మొహంలో ఏదో గట్టిపడింది.

"సరే. ముందు నేనొకటి అణుస్తాను. తర్వాత నువ్వు. నీది కుడివైపు వాలిందా, మెషీన్ ఇక్కడే ఉంటుంది. ఆయన్ని నేనే పంపించేస్తాను. ఎడమవైపు వాలితే మాత్రం ఇచ్చెయ్యాలి."

"మాట?"

"మాట."

అక్క పొడి నింపి, కుడిచేత్తో దిమ్మ పట్టుకుని నొక్కింది. మెషీన్ ఆడింది. బిళ్ళ తీసి చూస్తే కుడివైపు పల్చగా ఉంది.

"చూశావా!" అతని మొహం వెలిగిపోయింది. "నాదీ అంతే. జరుగు, జరుగు."

గిన్నెలో పొడి పోశాడు. దాని పిడిని పొట్టతో గట్టుకు అదిమిపెట్టాడు. దిమ్మ అందుకుని బలమంతా పెట్టి నొక్కాడు. గిన్నె బిగించి మీట నొక్కగానే మెషీన్ బుసకొట్టింది. చిక్కటి ధార ఆమె చిన్న కప్పులోకి దిగింది. అతను ఒక గుక్క తాగి ఆగిపోయాడు.

అదే పుల్లటి జీర. అచ్చం ఆమె కాఫీయే.

గిన్నెను డబ్బా అంచుకు తట్టాడు. బిళ్ళ కిందపడింది.

ఎడమవైపు పల్చగా. కుడివైపు మందంగా.

"తనే అక్కా... ఇప్పుడు కూడా తనే ఇక్కడ నిలబడి..."

అక్క దగ్గరికొచ్చింది. ఆ యాక్సిడెంట్లో మరదలితో పాటే లారీ కింద పోయిన కుడిచెయ్యి చోట ఖాళీగా వేలాడుతున్న తమ్ముడి చొక్కా చేతిని మడిచి, పిన్ను పెట్టింది.