చుట్టూ కాస్త ఖాళీ

“ఫోటో పెట్టకూడదని ప్రకటనలోనే వేశారు మాస్టారూ! ఇదిగో, కింద, లావు అక్షరాల్లో.”

ఫోటోగ్రాఫర్ కాగితం మీద వేలు పెట్టి మరీ చూపించాడు. తెల్ల తెర ముందు స్టూలు మీద సర్దుకుని కూర్చున్న దర్జీ అటు చూడనైనా లేదు.

“చదివాను బాబూ. అయినా పెట్టు.”

ఫోటోలు తీసి, రెజ్యూమేలు టైపు చేసి బతికేవాడు ఫోటో వద్దని గిరాకీని బతిమాలుకోవడం ఎక్కడా ఉండదు. ఈ దర్జీ వచ్చినప్పుడల్లా ఆ స్టూడియోలో జరిగేది మాత్రం అదే.

“ఇంతకీ ఈసారి ఏ ఉద్యోగం?”

“గోదాములో సరుకు చూసుకునేదట.”

“పోయినసారి డ్రైవర్ పోస్టుకి దరఖాస్తు పెట్టారు. మీకు డ్రైవింగ్ వచ్చా?”

“రాదు.”

“మరి ఎలా పెట్టారండీ బాబూ!”

“ఆ ఆఫీసులో ఏది పడితే దానికి పెడతాను. నాకు ఆఫీసు ముఖ్యం.”

ఫోటోగ్రాఫర్ తల పట్టుకున్నాడు. దర్జీ కుట్టిన చొక్కా వేసుకోని మగాడు ఆ వీధిలో లేడు. చేతినిండా పని ఉన్న మనిషి, షట్టర్ దించేసి ఇలా దరఖాస్తుల వెంట పడటం ఏమిటో అతనికి అంతుపట్టలేదు.

“అంత మోజుంటే ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా?”

“ఎత్తరు.”

“ఉత్తరం రాయండి.”

“రాశాను. తెరవకుండా తిప్పి పంపారు.”

“పోనీ నేరుగా వెళ్ళండి.”

“గేటు దాకా వెళ్ళాను. లోపలికి పంపొద్దన్నారట.” దర్జీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. “దరఖాస్తు అయితే మాత్రం తెరవక తప్పదు కదా బాబూ.”

“పెద్దాఫీసులంతే” అని ఫోటోగ్రాఫర్ కెమెరా వెనక్కి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెంటనే తల బయటికి పెట్టాడు.

“ఆ చొక్కా ఏమిటి మాస్టారూ? కాలరు ఓ పక్క పైకి, ఓ పక్క కిందికి ఉంది! మీరు కుట్టిందేనా?”

“నేను కుట్టింది కాదు. ఎవరో కొత్తగా నేర్చుకుంటూ కుట్టారు.”

“లోపల నా కోటుంది, వేసుకోండి.”

“వద్దు.”

“పోనీ తీశాక కంప్యూటర్‌లో కాలరు సరిచేస్తాను.”

“దాని జోలికి పోవద్దు!” దర్జీ గొంతు పెరిగింది. అంతలోనే తగ్గించుకున్నాడు. “కాలరు కనపడాలి బాబూ. వంకర కూడా కనపడాలి.”

ఉద్యోగాలకు ఫోటో ఎందుకు వద్దంటారో ఫోటోగ్రాఫర్‌కి అప్పుడు బాగా అర్థమైంది.

“సరే, ఇటు చూడండి. కదలకండి.”

“కోపంగా కనపడుతున్నానా?”

“కొంచెం.”

“పోయినసారి దాంట్లో కూడా అలాగే పడ్డాను. జవాబు రాలేదు.” దర్జీ అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. “ఈ కోపం వల్ల చాలా పోగొట్టుకున్నాను.”

“గిరాకీలా?”

దర్జీ నవ్వడానికి ప్రయత్నించాడు. ఎంతోకాలంగా వాడని మిషను మొరాయించినట్టు ఆ నవ్వు సగంలో ఆగింది. మళ్ళీ ప్రయత్నించాడు. కళ్ళల్లో తడి చేరింది గానీ ఈసారి నవ్వు నిలిచింది. ఫోటోగ్రాఫర్ చప్పున బటన్ నొక్కాడు.

ప్రింటు ఆరేలోపు అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. పెద్దాయన ఆశ చూస్తే జాలేసింది.

“ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మా బావమరిది ఆ ఆఫీసులోనే కారు నడుపుతాడు. మొహాలు చూసి మనుషుల్ని తీసుకోకూడదని వాళ్ళ రూలట. ఎవరైనా ఫోటో పెట్టినా, మొదటి బల్ల దగ్గరే కత్తిరించేస్తారు. ఫోటో లేని కాగితమే పైకి వెళ్తుంది. మీ మొహం పెద్దవాళ్ళెవరూ చూడరు.”

“కత్తిరిస్తారా?”

“ఆ పనికి ఒకమ్మాయి ఉందిలెండి. గీత గీసినట్టు కత్తిరిస్తుందట, మావాడు తెగ మెచ్చుకుంటాడు.”

దర్జీ మొహం వెలిగింది. ఇందులో వెలగడానికి ఏముందో ఫోటోగ్రాఫర్‌కి తెలియలేదు.

“కత్తిరించినవి ఏం చేస్తుందట?”

“ఏం చేస్తుంది, బుట్టలో వేస్తుంది.”

“వేయడం చూశాడా మీ బావమరిది?”

“అది నేనడగలేదండీ.”

“చూడలేదన్నమాట” అన్నాడు దర్జీ, తనలో తను అనుకుంటున్నట్టు.

కాగితం సిద్ధమైంది. ఫోటోగ్రాఫర్ ఫోటోను పైమూల అంచుకి ఆనించి అంటించబోయాడు. దర్జీ అతని చెయ్యి పట్టుకున్నాడు.

“అంచుకి వద్దు. చుట్టూ కాస్త ఖాళీ వదులు. ఖాళీ లేకపోతే కత్తెర ఆడదు, మొహం తెగుతుంది.”

“కత్తిరించేవాళ్ళ సుఖం కూడా మీరే చూడాలా?”

“చూడాలి మరి.”

దర్జీ తనే జిగురు రాసి, ఫోటో అంటించి, చిటికెన వేలితో వంకర కాలరు మీద మెల్లగా ఒత్తాడు. కవరు మడిచి జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి తీయకుండానే వీధిలోకి నడిచాడు.

“ఎంత మొండి మనిషి!” ఫోటోగ్రాఫర్ గుమ్మంలో నిలబడి నిట్టూర్చాడు. “ఆ కత్తెర అమ్మాయి తప్ప ఈయన మొహం ఇంకెవరూ చూడరంటే వినడే!”

ఆ అమ్మాయికి కత్తెర పట్టడం నేర్పిన నాన్న ఆయనే.