చివరి రోజు నీటిమట్టం

“చివరి రోజు గడిలో అరవై ఒకటి ఎవరు కొట్టారు?”

కొత్త ఇంజనీరు కంప్యూటర్ మీదకి వంగి అడిగాడు. వచ్చి వారం కాలేదు, అప్పుడే తప్పు పట్టేశాడు.

“నేనే సార్,” అంది లెక్కల మేడమ్. డ్యామ్ కంట్రోల్ రూములో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు.

“రూలు అరవై నాలుగు మీటర్లు కదండీ. వేసవి ఆఖరి రోజుకి రిజర్వాయర్‌లో అంత నీరుండాలి.”

“అవును సార్.”

అంతే. కంగారు లేదు, సంజాయిషీ లేదు. ఆయనకి ఒళ్ళు మండింది.

“వేసవి మొదలైన ఈ నూట పది రోజులూ ఎవరూ చూసుకోలేదా?”

గేట్లు తిప్పే పెద్దాయన నెత్తి గోక్కున్నాడు. “రోజుకి బొటనవేలి మందం ఎక్కువ తెరిస్తే ఏం కనిపిస్తుంది సార్? మేడమ్ ఎంత చెబితే అంత తిప్పాను. అవేవో సమీకరణాలున్నాయిగా. ముందుకీ వెనక్కీ నడిచే యాదృచ్ఛిక అవకలన... పేరు పలికేలోపు డ్యామ్ నిండిపోతుంది.”

“ఆ లెక్క నాకూ కొత్తే,” ఒప్పుకున్నాడు ఇంజనీరు. “అర్థమయ్యేలా చెప్పండి.”

మేడమ్ చెప్పింది. రెండు లెక్కలు. ఒకటి ఇవాళ్టి నుంచి ముందుకి పోతుంది. ఇవాళ నీళ్ళెన్నో తెలుసు, రేపటి వానా ఎండా తెలియవు. రెండోది ఆఖరి రోజు నుంచి వెనక్కి వస్తుంది. ఆ రోజు ఎంత నీరు మిగలాలో మనమే ముందు రాసిపెడతాం. దాన్నిబట్టి ఇవాళ ఎంత వదలాలో అది చెబుతుంది. దీన్ని అడక్కుండా అది కదలదు, దాన్ని అడక్కుండా ఇది కదలదు.

“మొగుడూ పెళ్ళాల్లా అన్నమాట,” అన్నాడు పెద్దాయన. అనేసి నాలిక్కరుచుకున్నాడు.

మేడమ్ మొగుడి సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. మూడేళ్ళ కిందట ఇద్దరికీ పెద్ద గొడవ. మర్నాడు ఆవిడ డ్యూటీలో ఉండగా ఆయన బట్టలు సర్దుకుని, ఆరేళ్ళ కూతుర్ని తెల్ల కారెక్కించుకుని వెళ్ళిపోయాడు. కారు మీద పెట్టె కట్టుకుంటుంటే ఎదురింటావిడ కళ్ళారా చూసింది. ఎక్కడో ఇంకో కాపురం పెట్టాడంటారు. ఫోన్ నంబరు మార్చేశాడంటారు. ఆలుమగల గొడవేగా అని పోలీసులూ ఊరుకున్నారు. మేడమ్ మాత్రం ఒక్కరోజు సెలవు పెట్టలేదు. రాతిగుండె అన్నారు దానికీ.

ఇంజనీరు గొంతు కాస్త తగ్గించాడు. “సరే, అరవై ఒకటే ఎందుకు?”

“ఆ మట్టం దగ్గర పాత రోడ్డు బయటపడుతుంది సార్. అడుగు గేటు పట్టాలు తుప్పు పట్టాయి. రంగు వేసేవాళ్ళు దిగాలంటే అదొక్కటే దారి. ఒకప్పుడు ఎండాకాలం ఊరు దాటడానికి అదే అడ్డదారి. మూడేళ్ళ కిందట అరవై నాలుగు రూలొచ్చాక ఆ రోడ్డు ఎండ చూడలేదు.”

“పై ఆఫీసుని అడిగారా?”

“మూడుసార్లు రాశాను. వద్దన్నారు.”

“ఈ సంగతి పైకి తెలిస్తే మీ ఉద్యోగం పోతుంది. నేనిప్పుడే అరవై నాలుగు కొట్టి గేట్లు మూయించాలి.”

“మీ ఇష్టం సార్. పది రోజుల్లో వానలు. ఇప్పుడు మూస్తే మళ్ళీ ఏడాది ఆగాలి.”

ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. ఆయన ఆవిడ మొహంకేసి చూశాడు. తర్వాత తెర మీద అంకె చూశాడు. ఇవాళ్టి మట్టం అరవై ఒకటి పాయింట్ ఎనిమిది. వదిలిన నీళ్ళు ఎలాగూ వెనక్కి రావు. తాగునీటికి నెలరోజులు ఢోకా లేదు.

“రంగు వేయించండి,” అన్నాడు, కీబోర్డు మీంచి చెయ్యి తీసేసి. “నేను చూడలేదు.”

ఇంట్లో మేడమ్ అత్తగారు కొత్త గౌను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కనే ఫోను. కొడుకు చేస్తాడని మూడేళ్ళుగా దాన్ని పక్కనే పెట్టుకుంటుంది.

“తొమ్మిదేళ్ళ సైజు తీసుకున్నానమ్మాయ్. పిల్ల పొడుగు సాగి ఉంటుంది. వాడికి జడ వెయ్యడం వచ్చి చావదు, ఎలా తిప్పుతున్నాడో ఏమో.”

“బాగుంది అత్తయ్యా,” అంది మేడమ్.

గౌను మడతపెట్టి బీరువాలో ఏడేళ్ళ గౌను, ఎనిమిదేళ్ళ గౌను పక్కన పెట్టింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడింది. రాలేదు. మూడేళ్ళుగా ఏదీ రావడం లేదు.

ఆఖరి రోజుకి ఇంకా మూడు రోజులుందనగా మబ్బు పట్టింది. ఎగువన గంటసేపు వాన దంచింది. మట్టం నాలుగు వేళ్ళు పెరిగింది. మేడమ్ మళ్ళీ ఆఖరి రోజు నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చి, “ఇంకో రెండు చుట్లు,” అంది. పెద్దాయన తిప్పాడు.

ఆఖరి రోజు ఉదయం స్కేలు మీద సరిగ్గా అరవై ఒకటి.

“లెక్కంటే మీదే మేడమ్,” అన్నాడు పెద్దాయన, ఆవిడ వెనకే గట్టు దిగుతూ. “ఇంతకీ రంగు డబ్బాలేవి? పనివాళ్ళేరి?”

ఆవిడ చంకలో పాత లాగ్‌బుక్ ఉంది. తీసి ఓ పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టింది. ‘సాయంత్రం నాలుగు. మట్టం అరవై ఒకటి. ఎగువ నుంచి వరద. గేట్లు దించడమైనది.’ కింద ఆవిడ సంతకం.

పెద్దాయన తేదీ చూశాడు. మూడేళ్ళ కిందట, మొగుడూ పెళ్ళాల గొడవకి మర్నాడు. తలెత్తి ఆవిడ చూస్తున్న వైపు చూశాడు.

బురదలోంచి బయటపడ్డ పాత రోడ్డు వంపులో, మూడేళ్ళ కిందట ఊరొదిలి వెళ్ళిపోయిన తెల్ల కారు, మీద కట్టిన పెట్టెతో సహా, ఊరు దాటకుండా అక్కడే ఉంది.