ఆయన సంతకం

లోను కోసం వచ్చిన నర్సు ఇచ్చిన కాగితాలు చూసి బ్యాంకు మేనేజరు కళ్ళజోడు తీశాడు.

"పదిహేనేళ్ళ ఉద్యోగం, పైసా అప్పు లేదు. అయినా మీకు క్రెడిట్ స్కోరే లేదమ్మా."

"అన్నీ డెబిట్ కార్డుతోనే కొన్నానండీ. క్రెడిట్ కార్డు జోలికి పోవద్దని మా ఆయన పట్టు. డెబిట్ కార్డుతో ఏం కొన్నా ఆయన ఫోనుకి మెసేజ్ వెళ్తుంది."

"డెబిట్ కార్డుతో మీ డబ్బే మీరు ఖర్చుపెడతారు. అప్పు తీసుకుని తీర్చినట్టు రికార్డుంటేనే స్కోరొస్తుంది. అది లేనిదే లోను ఇవ్వలేను."

ఆమె కాగితాలు వెనక్కి తీసుకోబోయింది. మేనేజరుకి జాలేసి కంప్యూటర్లో వెతికాడు.

"దిగులెందుకమ్మా? మీ ఆయన స్కోరు బ్రహ్మాండంగా ఉంది. ఆయనకి నాలుగు క్రెడిట్ కార్డులున్నాయి! ఆయన ఒక్క సంతకం పెడితే రేపే డబ్బిస్తాం. ఇంతకీ లోను దేనికో రాయలేదేం?"

"అద్దె ఇంటి అడ్వాన్సుకండీ," అంది ఆమె తలొంచుకుని. "ఆయన్ని వదిలి వెళ్ళిపోదామని."